బీపీ ఉన్న గుండె రోగులకు కార్డియాక్ రిహాబ్: వ్యాయామం మొదలు నుంచి చివరి దాకా ఎలా చేయాలి

స్టెంట్ వేశారు, బీపీ మాత్రలు వాడుతున్నాను, రోజూ నడవమన్నారు. ఎంతసేపు నడవాలి? ఏ వేగంతో? నడుస్తుంటే బీపీ ఇంకా పెరగదా? పాఠకుల నుంచి పదే పదే వచ్చే ప్రశ్నలు ఇవే. ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పే బదులు కార్డియాక్ రిహాబ్ (గుండె జబ్బు తర్వాత డాక్టర్ల సలహాతో వ్యాయామాన్ని మెల్లగా పెంచుకునే కార్యక్రమం) పద్ధతి మొత్తం వరుసగా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. చాలామంది దృష్టంతా 'ఎంత గట్టిగా చేయాలి' అన్నదాని మీదే ఉంటుంది. బీపీ మందులు వాడేవాళ్లలో ఇబ్బందులు ఎక్కువగా కనిపించేది వ్యాయామం మొదలుపెట్టేటప్పుడు, ఆపేటప్పుడు. అందుకే ఇక్కడ నడకకంటే దాని ముందు, వెనుక నిమిషాలకే ఎక్కువ చోటిచ్చాను.

## 1. ముందు డాక్టర్ అనుమతి

గుండెపోటు వచ్చి తగ్గినవాళ్లు, యాంజియోప్లాస్టీ లేదా బైపాస్ అయినవాళ్లు, నిలకడగా ఉన్న గుండె జబ్బుతో పాటు బీపీ ఉన్నవాళ్లు ఈ పద్ధతి పాటించవచ్చు. ఎవరికైనా కార్డియాలజిస్ట్ 'సరే' అన్న తర్వాతే.

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా అది అదుపులోకి వచ్చేదాకా వ్యాయామం వద్దు:

- విశ్రాంతిలో ఉన్నప్పుడే ఛాతీనొప్పి రావడం, లేదా పాత నొప్పి ఈమధ్య తరచుగా రావడం
- బృహద్ధమని కవాటం (అయోర్టిక్ వాల్వ్) బాగా సన్నబడి ఉండటం
- అదుపులో లేని గుండె లయ దోషం
- ఒంట్లో నీరు చేరి, పడుకుంటే ఆయాసం వచ్చే దశలో ఉన్న హార్ట్ ఫెయిల్యూర్
- కాలి సిరల్లో లేదా ఊపిరితిత్తుల్లో ఈమధ్యే రక్తం గడ్డకట్టడం
- జ్వరం, ఒంట్లో ఇన్ఫెక్షన్

అనుమతి ఇచ్చేముందు ట్రెడ్‌మిల్ టెస్ట్ గానీ, ఆరు నిమిషాల నడక పరీక్ష గానీ చేస్తారు. రెండోదానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. చదునైన వరండాలో ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో కొలుస్తారు, ముందూ తర్వాతా బీపీ, పల్స్ చూస్తారు. ట్రెడ్‌మిల్ టెస్ట్ అయితే ఒక విషయం గట్టిగా అడగండి: రోజూ వేసుకునే మందులు వేసుకునే రావాలా, మానేసి రావాలా? వ్యాయామ పరిధి తేల్చడానికి చేసే పరీక్ష మందులు వేసుకున్నప్పుడు చేస్తేనే ఆ అంకెలు మీకు పనికొస్తాయి.

డాక్టర్ దగ్గర నుంచి లేచేముందు ఈ నాలుగూ కాగితం మీద రాయించుకోండి:

- నా పల్స్ ఎంత నుంచి ఎంత మధ్య ఉండాలి?
- బీపీ ఎంత దాటితే ఆ రోజు మానేయాలి?
- ఎంత బరువు దాకా ఎత్తవచ్చు, ఎప్పటి నుంచి?
- ఛాతీనొప్పి వస్తే ఏ మాత్ర, ఎలా వాడాలి?

గుండెలో పేస్‌మేకర్ లేదా షాక్ ఇచ్చే పరికరం ఉంటే ఐదో ప్రశ్న కూడా ఉంది. పరికరం ఎంత పల్స్ దగ్గర స్పందిస్తుందో తెలుసుకోవాలి. వ్యాయామంలో పల్స్ దానికి కనీసం పది తక్కువలో ఉండాలి.

## 2. మీ మందులు వ్యాయామాన్ని ఎలా మారుస్తాయి

రిహాబ్‌లో అందరూ దాటేసే భాగం ఇదే. నిజానికి సగం తికమకలకు మూలం ఇక్కడే ఉంటుంది.

బీటా బ్లాకర్లు (మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి). ఇవి పల్స్‌ను పెరగనివ్వవు. గరిష్ఠ పల్స్ కోసం '220లో నుంచి వయసు తీసేయండి' అనే సూత్రం వీళ్లకు వర్తించదు. ఆ అంకె అందుకోవాలని వేగం పెంచితే శక్తికి మించి చేసినట్టే. షుగర్ మందులు కూడా వాడుతుంటే ఇంకో చిక్కు: షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండె దడను ఇవి కప్పిపుచ్చుతాయి. చెమట మాత్రం పడుతుంది, దాన్ని గమనించుకోవాలి.

రక్తనాళాలను వదులు చేసే మందులు (ఆమ్లోడిపిన్, ప్రాజోసిన్, నైట్రేట్లు). వ్యాయామంలో కాళ్ల రక్తనాళాలు ఎలాగూ తెరుచుకుని ఉంటాయి, దానికి ఈ మందు తోడవుతుంది. నడక ఠక్కున ఆపితే రక్తం కాళ్లలోనే నిలిచి బీపీ జారిపోతుంది, కళ్లు బైర్లు కమ్ముతాయి. వీళ్లు కూల్‌డౌన్‌ను (వేగం మెల్లగా తగ్గిస్తూ ఆపే చివరి భాగాన్ని) ఒక్కరోజు కూడా మానకూడదు.

నీరు తీసే మాత్రలు (ఫ్యూరోసెమైడ్, టార్సెమైడ్, హైడ్రోక్లోరోథయాజైడ్). ఎండలో ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది. పొటాషియం తగ్గితే కండరాలు పట్టేస్తాయి, గుండె లయ తప్పవచ్చు. అలాగని లీటర్ల కొద్దీ నీళ్లు తాగడమూ సరికాదు. హార్ట్ ఫెయిల్యూర్ ఉంటే రోజుకు ఎంత నీరన్నది డాక్టరే చెప్పాలి.

ఒంటినొప్పులకు సొంతంగా వేసుకునే ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు, ముక్కుదిబ్బడ తగ్గించే కొన్ని జలుబు మందులు బీపీని పెంచుతాయి. వ్యాయామం మొదలెట్టిన కొత్తలో కాళ్లు నొప్పులని ఇవి వేసుకుని, 'నడుస్తుంటే బీపీ పెరిగిపోతోంది' అని కంగారుపడేవాళ్లున్నారు.

## 3. బీపీ చూసుకునే పద్ధతి

తప్పుగా చూసిన అంకె కంటే అసలు చూడకపోవడమే నయం. బీపీ మిషన్ పట్టీ (కఫ్) చేతి పైభాగానికి చుట్టే రకమై ఉండాలి, మీ చేతి చుట్టుకొలతకు సరిపోవాలి. చిన్న కఫ్ వాడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

- కాఫీ, టీ, సిగరెట్, నడక అయ్యాక కనీసం 30 నిమిషాలు ఆగాలి (సెషన్ చివర చూసే బీపీకి ఇది వర్తించదు, దాని సంగతి ఆరో భాగంలో ఉంది)
- మూత్రానికి వెళ్లి వచ్చి కూర్చోవాలి
- వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా 5 నిమిషాలు కదలకుండా ఉండాలి
- చొక్కా చెయ్యి మీద కాదు, ఒంటి మీదే కఫ్ చుట్టాలి
- చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి
- మాట్లాడకూడదు, ఫోన్ చూడకూడదు
- నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకోవాలి

మొదటి రెండు వారాలు ఇంకొకటి కలపండి. కూర్చుని చూశాక లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై నంబరు 20 కంటే ఎక్కువ పడిపోయి కళ్లు తిరుగుతుంటే ఆ రోజు వ్యాయామం ఆపి డాక్టర్‌తో మాట్లాడండి. మందు మోతాదు మార్చాల్సి రావచ్చు.

## 4. ఈ రోజు చేయాలా, మానాలా?

వేరే అంకె ఏదీ మీ డాక్టర్ చెప్పకపోతే ఈ గీతలు పాటించండి.

మానేయండి: విశ్రాంతిలో పై నంబరు 180 దాటినా, కింది నంబరు 110 దాటినా. పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. తగ్గకపోతే ఆ రోజుకు ఇంతే. 180/120 దాటి, దానికి ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం, ఒక పక్క బలహీనత తోడైతే అది అత్యవసర పరిస్థితి. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తగ్గించి చేయండి: 160/100 పైన ఉంటే నెమ్మది నడక మాత్రమే, బరువులు వద్దు. వరుసగా కొన్ని రోజులు ఇలాగే ఉంటే వ్యాయామంతోనే దించేద్దామని మొండిపట్టు పట్టకండి, ముందు మందులతో అదుపులోకి రావాలి.

మామూలుగా చేయండి: అంతకంటే తక్కువ ఉండి, ఒంట్లో బాగుంటే.

అంకెలు బాగున్నా మానాల్సిన రోజులు ఉంటాయి. జ్వరం, విరేచనాలు, రాత్రంతా నిద్ర లేకపోవడం, మందు వేసుకోవడం మర్చిపోవడం అలాంటివే. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లు రెండు మూడు రోజుల్లో కిలోన్నర, రెండు కిలోల బరువు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. నడక పక్కన పెట్టి డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

## 5. మీకు తగిన వేగం

మూడు కొలతలున్నాయి. కనీసం రెండు వాడండి.

మాట పరీక్ష. నడుస్తూ పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. పాట పాడేంత తీరిక మాత్రం ఉండకూడదు. మూడు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే వేగం తగ్గించండి. నా మటుకు నాకు మూడింటిలో నమ్మదగినది ఇదే. మందులు మారినా ఇది చెల్లుతుంది.

శ్రమ కొలబద్ద. రిహాబ్ కేంద్రాల్లో గోడకు అతికించి కనిపించే బోర్గ్ స్కేల్ ఇది. 6 అంటే ఊరికే కూర్చున్నట్టు, 20 అంటే ఇక ఒక్క అడుగూ వేయలేనంత. మీరు 11 నుంచి 13 మధ్య, అంటే 'తేలిక' నుంచి 'కాస్త కష్టం' దాకా ఉండాలి.

పల్స్ లెక్క. ట్రెడ్‌మిల్ టెస్ట్‌లో మీరు అందుకున్న గరిష్ఠ పల్స్ తీసుకోండి. అందులోంచి విశ్రాంతి పల్స్ తీసేయండి. వచ్చినదానిలో 40 నుంచి 60 శాతం లెక్కగట్టి, విశ్రాంతి పల్స్‌కు కలపండి. ఉదాహరణకు గరిష్ఠం 130, విశ్రాంతి 70 అయితే తేడా 60. అందులో 40 శాతం 24, 60 శాతం 36. అంటే మీ పరిధి 94 నుంచి 106. టెస్ట్‌లో ఛాతీనొప్పి గానీ ఈసీజీలో మార్పు గానీ వచ్చి ఉంటే ఈ లెక్క వద్దు. ఆ మార్పు వచ్చిన పల్స్‌కు ఎంత తక్కువలో ఉండాలో డాక్టరే చెబుతారు. గుండె లయ సరిగా లేనివాళ్లకు (ఏట్రియల్ ఫిబ్రిలేషన్) పల్స్ లెక్క దారి తప్పిస్తుంది, మొదటి రెండే వాడాలి.

## 6. ఒక సెషన్, నిమిషం నిమిషం

భోజనం చేసి కనీసం గంటన్నర అయ్యుండాలి. మందులు వేళకు వేసుకుని ఉండాలి. మరీ ఎండగా, మరీ చలిగా ఉన్న వేళలు వద్దు. మొదటి వారాల్లో ఒంటరిగా వెళ్లొద్దు.

వార్మప్: 15 నిమిషాలు. ఎక్కువ అనిపిస్తుంది, కాదు. గుండె రక్తనాళాలు నెమ్మదిగా విప్పారడానికి ఆ సమయం కావాలి. చల్లని ఒంటితో గబుక్కున వేగం అందుకుంటే బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది, ఛాతీనొప్పి త్వరగా వస్తుంది.

- మొదటి 5 నిమిషాలు: ఉన్నచోటే నెమ్మదిగా అడుగులు, భుజాలు తిప్పడం, మడమలు ఎత్తి దించడం
- తర్వాతి 5: తీరిగ్గా నడక, చేతులు నడుము ఎత్తులోనే ఊపుతూ
- చివరి 5: వేగం కొంచెం కొంచెం పెంచుతూ అసలు నడకకు చేరడం

చేతులు తల పైకెత్తే కదలికలు ఇక్కడ తక్కువగా ఉండాలి. కాళ్లతో చేసే అంతే పనికంటే వాటివల్ల బీపీ, పల్స్ ఎక్కువ పెరుగుతాయి.

అసలు భాగం. నడక గానీ, ఒకేచోట ఉండి తొక్కే వ్యాయామ సైకిల్ గానీ. కొత్తవాళ్లు 5 నుంచి 10 నిమిషాలతో మొదలుపెట్టాలి. అదీ కష్టమైతే మూడు నిమిషాలు నడక, ఒక నిమిషం నెమ్మది నడక, మళ్లీ మూడు నిమిషాలు. పూర్తిగా ఆగిపోవద్దు, కాళ్లు కదులుతూనే ఉండాలి.

నడుస్తున్నప్పుడు పై నంబరు పెరగడం సహజం. గుండె ఎక్కువ రక్తం పంపుతోందని దానర్థం. కింది నంబరు దాదాపు అలాగే ఉంటుంది, లేదా కాస్త తగ్గుతుంది. కేంద్రంలో సిబ్బంది గమనించేది వేరే: పై నంబరు 220, కింది నంబరు 105 దాటుతోందా? వేగం పెంచినా పై నంబరు 10 కంటే ఎక్కువ తగ్గుతోందా? రెండోది మరీ ముఖ్యం. శ్రమ పెరుగుతుంటే బీపీ పడిపోవడం గుండె అలసిపోతోందనడానికి సూచన కావచ్చు. ఇంట్లో మీరు నడుస్తూ బీపీ చూసుకోవద్దు. చెయ్యి కదిలితే ఇంటి మిషన్ తప్పు అంకె చూపిస్తుంది, దాంతో అనవసరపు టెన్షన్.

కూల్‌డౌన్: 10 నిమిషాలు. వేగం మెట్టు మెట్టుగా తగ్గించండి. చివరి రెండు నిమిషాలు షికారులా నడవాలి. తర్వాత నిలబడి లేదా కుర్చీలో కూర్చుని పిక్కలు, తొడలు సాగదీయండి. ఒక్కో సాగదీత 15 నుంచి 20 సెకన్లు, ఊపిరి ఆడుతూనే ఉండాలి. నేల మీద చేసేవి ఏమైనా ఉంటే అన్నిటికంటే చివర పెట్టుకోండి, లేచేటప్పుడు ముందు పక్కకు తిరిగి, కూర్చుని, ఆ తర్వాత నిలబడండి.

కూర్చోవడం: 15 నిమిషాలు. ఇదీ సెషన్‌లో భాగమే. చివర్లో బీపీ, పల్స్ చూసి రాసుకోండి. వ్యాయామం ముందుకంటే బీపీ కొంచెం తక్కువగా కనిపించవచ్చు. ఆ తగ్గుదల కొన్ని గంటలు, కొందరిలో దాదాపు రోజంతా ఉంటుంది. రోజూ చేయమనడానికి కారణం కూడా అదే. వేడినీళ్ల స్నానం వెంటనే వద్దు, తగ్గిన బీపీ ఇంకా జారుతుంది.

## 7. వారం వారం పెంచడం

ముందు రోజులు, తర్వాత నిమిషాలు, అన్నిటికంటే చివర వేగం. ఈ వరుస మార్చకండి. ఒకేసారి రెండూ పెంచకండి.

- 1, 2 వారాలు: అసలు భాగం 5 నుంచి 10 నిమిషాలు, వారానికి 3 నుంచి 5 రోజులు
- 3, 4 వారాలు: 15 నిమిషాల దాకా
- 5 నుంచి 8 వారాలు: 20 నుంచి 25 నిమిషాలు, వారానికి 5 రోజులు
- 9 నుంచి 12 వారాలు: 30 నిమిషాలు. అప్పుడు కావాలంటే వేగం కొంచెం పెంచవచ్చు

ఇది నమూనా మాత్రమే. బైపాస్ అయినవాళ్లకు ఇంకా నెమ్మదిగా సాగవచ్చు, అందులో తప్పేమీ లేదు. పెంచిన మర్నాడు నీరసంగా ఉంటే వెనక్కి ఒక మెట్టు దిగండి.

క్రమం తప్పకుండా చేసేవాళ్లలో, బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లకు పై నంబరు సగటున 5 నుంచి 8 దాకా తగ్గుతుంది. మందు మానేసేంత తగ్గుదల కాదు ఇది. అంకె బాగుందని మాత్ర సగం చేసుకోవడం, మానేయడం మీ చేతిలోని పని కాదు.

## 8. బరువులు

వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామంతో. బీపీ అదుపులో ఉండి, నడక కొన్ని వారాలు సాఫీగా సాగాకే. బైపాస్‌లో కోసిన రొమ్ము ఎముక అతుక్కోవడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. అప్పటిదాకా ఎత్తడం, నెట్టడం, లాగడం సర్జన్ చెప్పిన హద్దులోనే. ఛాతీలో టక్కుమని శబ్దం వచ్చినా, ఎముక కదిలినట్టు అనిపించినా ఆపి చూపించుకోండి.

10 నుంచి 15 సార్లు ఎత్తినా ఇంకా రెండు మూడు సార్లు ఎత్తగలం అనిపించే బరువు మీకు సరైనది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, దించేటప్పుడు తీసుకోండి. ఊపిరి బిగబడితే బీపీ క్షణాల్లో ఎగురుతుంది. దీనికి ఒక తేలిక ఉపాయం: అంకెలు పైకి లెక్కపెట్టండి. నోరు మాట్లాడుతుంటే ఊపిరి బిగబట్టడం కుదరదు.

గోడకు ఆనుకుని కుర్చీలో కూర్చున్నట్టు నిలిచే వ్యాయామం, చేతిపట్టు బిగించే వ్యాయామం బీపీ తగ్గిస్తాయని చాలామంది అడుగుతున్నారు. విశ్రాంతి బీపీని తగ్గిస్తాయని పరిశోధనలు చెబుతున్న మాట నిజమే. కానీ బిగించి ఉంచిన ఆ నిమిషాల్లో బీపీ పెరుగుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు వీటిని సొంతంగా మొదలుపెట్టకూడదు.

## 9. వెంటనే ఆపాల్సిన సంకేతాలు

- ఛాతీలో నొప్పి, బిగుతు, మంట; దవడకు, చేతికి, వీపుకు పాకే నొప్పి
- వేగానికి మించిన ఆయాసం
- కళ్లు తిరగడం, చల్లటి చెమటలు, వాంతి వచ్చినట్టుండటం
- గుండె దడ, కొట్టుకోవడంలో తేడా

ఇలా జరిగితే కూర్చోండి. డాక్టర్ రాసిచ్చి ఉంటే నైట్రోగ్లిజరిన్ నాలుక కింద పెట్టుకోండి. నిలబడి వేసుకోవద్దు, పడిపోవచ్చు. ఐదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోయినా, పెరిగినా అంబులెన్స్ పిలవాలి. సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లకూడదు. అంగస్తంభన కోసం సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు వాడేవాళ్లు నైట్రోగ్లిజరిన్ వాడకూడదు. బీపీ ప్రాణాంతకంగా పడిపోతుంది. ఆ మాత్ర వాడుతున్నట్టు డాక్టర్‌కు చెప్పడానికి మొహమాటపడకండి.

## 10. తరచూ చేసే పొరపాట్లు, సరిదిద్దే తీరు

ట్రెడ్‌మిల్ కడ్డీని గట్టిగా పట్టుకోవడం. పిడికిలి బిగిస్తే బీపీ పెరుగుతుంది, బరువు చేతులమీద మోపితే నడక తేలికైపోతుంది. వేళ్లు ఆనించి ఉంచండి, అదీ చాలకపోతే వేగం తగ్గించండి.

సోమవారం నుంచి శుక్రవారం దాకా మానేసి, సెలవు రోజున గంట నడవడం. బాకీ తీర్చుకోవడం కుదరదు. రోజూ పది నిమిషాలే నయం.

వ్యాయామం అవగానే బీపీ చూసి భయపడటం. అప్పుడు ఎక్కువే ఉంటుంది. 15 నిమిషాలు కూర్చున్నాక చూడండి.

తోడున్నవాళ్ల వేగం అందుకోవడం. మీ పల్స్ పరిధి వాళ్లది కాదు. మాట పరీక్ష తప్పితే వాళ్లను ముందుకు పోనివ్వండి.

వాచీ చూపించే పల్స్‌ను గుడ్డిగా నమ్మడం. మణికట్టు దగ్గర వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. వాచీతో సరిపోలుతోందో లేదో అప్పుడప్పుడూ చూసుకోండి.

## 11. కేంద్రం నుంచి ఇంటికి మారాక

చాలాచోట్ల పర్యవేక్షణలో నడిచే రిహాబ్ 6 నుంచి 12 వారాలు ఉంటుంది. ఆ తర్వాత వదిలేసేవాళ్లు చాలామంది. చివరి రెండు వారాల్లోనే ఇంటి దగ్గర రెండు రోజులు చేయడం మొదలుపెడితే మారడం తేలిక.

రోజువారీ పుస్తకంలో ఒక్క వరుస చాలు: తేదీ, ముందు బీపీ, పల్స్, నిమిషాలు, శ్రమ అంకె, తర్వాత బీపీ, ఏమైనా ఇబ్బంది. డాక్టర్ దగ్గరికి ఇదే తీసుకెళ్లండి.

వారం పైగా మానేస్తే వదిలిన చోట నుంచి కాకుండా సగం నిమిషాలతో మొదలుపెట్టండి. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మళ్లీ అనుమతి తీసుకున్నాకే. మందు మారినా, మోతాదు మారినా, ముఖ్యంగా బీటా బ్లాకర్ అయితే, పాత పల్స్ పరిధి చెల్లదు. కొత్త పరిధి తెలిసేదాకా మాట పరీక్షతోనే నడవండి, లేచి నిలబడినప్పటి బీపీని మళ్లీ రెండు వారాలు చూసుకోండి.